ముఖారి ఆరోహణలో గాంధారం

బి.ఏ.లో నేను సంగీత శాస్త్రం అడగలేదు. జాగ్రఫీ అడిగాను. దరఖాస్తులో స్పష్టంగా జాగ్రఫీ అనే రాశాను. నిజామాబాదు కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా నా కాగితం అటూ ఇటూ తిప్పి, చరిత్ర, ఆర్థిక శాస్త్రం ఖాయమన్నాడు. జాగ్రఫీ నిండిపోయిందనీ, మైనర్ సబ్జెక్టుగా ఇక ఒక్కటే మిగిలిందనీ చెప్పాడు.

“ఏంది సార్ అది?”

“సంగీత శాస్త్రం. యూనివర్సిటీ కొత్తగ ఇచ్చింది.”

“అంటే పాడాల్నా?”

ఆయన తన ముందున్న అచ్చు కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. “పాడాలె అని గిండ్ల రాసి లేదు. పాడొద్దని గూడ లేదు. జల్ది చెప్పు బిడ్డా, లైన్ల మస్తు మంది ఉన్నరు.”

నా వెనక ఎవరూ లేరు. అయినా తొందరపడి రాసుకొమ్మన్నాను.

అవి అరవైల నడిమి సంవత్సరాలు. మేము బోధన్‌లో ఉండేవాళ్లం. బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నప్పుడు సంగతి చెప్పాను. ఆయన చెంబు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు.

“చర్చిల ప్రతి ఐతారం ముఫత్‌గ పాడుతనే ఉన్నవ్ గద. దానికి మూడేండ్ల సదువెందుకు?”

“పాడుడు కాదంట బాపూ. శాస్త్రమంట.”

“అంటే?”

నాకూ తెలియదు. ఆయన మళ్లీ అడగలేదు. ఫ్యాక్టరీలో కూడా పేరు ఒకటి, పని ఒకటి ఉండే ఉద్యోగాలు చాలా ఉన్నాయని మాత్రం అన్నాడు.

మా లెక్చరరు కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన యాభై ఏళ్ల మనిషి. పంచె, పైన కోటు, ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా చంకలో గొడుగు. మొదటి రోజు బల్ల ముందు నిలబడి ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “విద్యార్థులారా, వంట వేరు, ఆహార శాస్త్రం వేరు. సంగీతం వేరు, సంగీత శాస్త్రం వేరు. ఈ గదిలో ఎవరూ పాడరు.”

విద్యార్థులం ఇద్దరం. నేను, నవీపేట్ నుంచి వచ్చే ఒక అబ్బాయి. దసరా సెలవుల తర్వాత ఆ అబ్బాయి టీచరు ట్రైనింగులో సీటు దొరికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి తరగతి అంటే నేనే. సారు మాత్రం పద్ధతి మార్చలేదు. రోజూ హాజరు పట్టీ తెరిచి నా నంబరు పిలిచేవారు, నేను పలికేదాన్ని. తర్వాత రెండో నంబరు పిలిచి, ఖాళీ బెంచీ వైపు చూసి, గైర్హాజరు వేసుకునేవారు. ఆపైన “విద్యార్థులారా” అని మొదలుపెట్టేవారు.

మా కాలేజీలో సంగీత వాయిద్యం ఏదీ లేదు. వీణ గురించి చెప్పాల్సి వస్తే సారు బోర్డు మీద వీణ గీసేవారు. ఇరవై నాలుగు మెట్లూ లెక్కపెట్టి గీసేవారు. మెట్లు అయ్యేసరికి అరగంట గడిచిపోయేది. ఆ బొమ్మలో ఏ మెట్టు మీద ఏ స్వరం ఉంటుందో నేను కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. అసలు వీణ ఎలా మోగుతుందో మాత్రం తెలియదు. డెబ్బై రెండు మేళకర్త రాగాల పేర్లు బోధన్ నుంచి నిజామాబాదు వచ్చే రైల్లో కంఠస్థం చేశాను. ఎడపల్లి దాటేలోపు మొదటి ముప్పై ఆరు అయిపోవాలని నియమం పెట్టుకున్నాను. వాటిలో ఒక్క రాగమూ నా చెవిన పడి ఉండకపోవచ్చు. పడినా గుర్తుపట్టే స్థితిలో లేను. మొదటి రెండేళ్లూ మంచి మార్కులే వచ్చాయి.

మూడో ఏడు చిక్కు వచ్చింది. సిలబస్సులో చివరి పేజీ మీద, విద్యార్థి తన ప్రాంతపు సంగీతం గురించి స్వయంగా విచారించి ఒక వ్యాసం రాయాలని ఉంది. సారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

“మీ ఇంట్లో సంగీతం ఉందా?”

“లేదు సార్.”

“మీ ఊళ్లో?”

“ఫ్యాక్టరీ సైరన్ ఉంది సార్. మూడు పూటలా.”

నేను వేళాకోళానికి అనలేదు. ఆయనా అలా తీసుకోలేదు. నోటుబుక్కులో రాసుకుని, ఆలోచించి, కొట్టేశారు.

“ఆదివారాలు ఏం చేస్తారు?”

“చర్చికి పోతాం. కీర్తనలు పాడతాం.”

“ఎవరి వరసల్లో?”

“పుస్తకంలో ఉన్నట్టే సార్. పైన బిలహరి, ఆది అని ఏవో రాసి ఉంటాయి.”

ఆయన కలం ఆగింది. “రాగం రాసి ఉంటుందా?”

ఇప్పుడు అనుకుంటే నాకే వింతగా ఉంటుంది. అ ఆలు వచ్చినప్పటినుంచి ఆ కీర్తనల పుస్తకం నా చేతిలోనే ఉంది. ప్రతి కీర్తన నెత్తిన చిన్న అక్షరాలతో ఏవో రెండు పేర్లు ఉండేవి. మేమెవ్వరమూ వాటిని పట్టించుకునేవాళ్లం కాదు. రెండేళ్లుగా క్లాసులో రాసుకున్న రాగాల పేర్లలో కొన్ని అవేనని నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు. కీర్తనల పుస్తకం, రాగాల నోటుబుక్కు రెండూ ఒకే సంచిలో ఉండేవి.

మర్నాడు పుస్తకం తీసుకెళ్లాను. సారు కీర్తనల జోలికి పోకుండా పైనున్న పేర్లు మాత్రమే హాజరు పిలుస్తున్నట్టు చదువుకుంటూ పేజీలు తిప్పారు. కాంభోజి, బిలహరి, ఆనందభైరవి. ఒకచోట ఆగారు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మేము పాడే కీర్తన అది. మా చర్చిలో అన్నిటికన్నా గంభీరమైనది. పైన “ముఖారి” అని ఉంది.

“ఇది పాడండి.”

“ఈ గదిలో ఎవ్వరూ పాడొద్దన్నారు సార్.”

ఆయన ఒక నిమిషం ఆలోచించారు. “అయితే వరండాలోకి రండి.”

వరండాలోకి వెళ్లాం. నేను కొంచెం ఆగమని చెప్పి కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని వచ్చాను.

“చెమట పట్టిందా?” అన్నారు సారు.

“లేదు సార్. ఈ కీర్తనకు ముందు ముఖం కడుక్కోవాలి. మా చర్చిలో అందరూ లేచి కడుక్కుని వస్తారు. బయట నీళ్ల గోలెం పెడతారు.”

“ఎందుకు?”

“తెలియదు సార్. ఎప్పటినుంచో అంతే.”

ఆయన అది కూడా రాసుకున్నారు. నేను పాడాను. నా గొంతు గురించి గొప్పలు చెప్పుకునేది ఏమీ లేదు, కానీ వరస మాత్రం మా చర్చిలో ఎలా పాడతారో అలాగే పాడాను. అయ్యాక సారు గొడుగు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు.

“ముఖారి ఆరోహణలో గాంధారం ఉండదు. మీరు పైకి వెళ్లేటప్పుడు సరాసరి గాంధారం మీద నిలబడుతున్నారు. అది కూడా ఏ గాంధారమో తెలియడం లేదు. సాధారణ గాంధారానికి కొంచెం పైన, అంతర గాంధారానికి కొంచెం కింద. ఇది ముఖారి కాదు. నాకు తెలిసి ఇది ఏదీ కాదు.”

“మా ఊళ్లో అందరూ ఇలాగే పాడతారు సార్.”

“అయితే మీ ఊళ్లో అందరూ తప్పు పాడుతున్నారు” అన్నారాయన. కోపంగా అనలేదు. విచారంగా కూడా అనలేదు.

ఆ మాట నేను సాయంత్రం ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. బాపు చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“ముప్పై ఏండ్ల సంది పాడుతున్నం. దేవుడే ఏమనలే. గా సారుకేమైంది?”

“గాంధారం తప్పంట.”

“గాంధారం ఎవలు?”

పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్న అవ్వ, అంటే మా అమ్మ, వెనక్కి తిరగకుండానే అంది, “గది బైబిలమ్మ నేర్పిన రాగమే గద. తప్పైతే ఆమెనే అడగాలె.”

బాపు గ్లాసు మళ్లీ తీసుకుని చాయ్ ముగించి, తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు. అప్పటిదాకా బైబిలమ్మ అనే పేరు నేను వినలేదు. ఆ తర్వాత అవ్వ చెప్పింది.

ఫ్యాక్టరీ ఇంకా రాని రోజుల్లో, మిషన్ వాళ్ల దగ్గర చదువు నేర్చుకున్న ఒక ఎడపల్లి ఆమె, సంచిలో బైబిలూ కీర్తనల పుస్తకమూ పెట్టుకుని ఊరూరూ నడిచి తిరిగేది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. నవీపేట్ దాకా కాలినడకనే పోయేది. చదువు రానివాళ్లకు కీర్తనలు నోటితో నేర్పేది. బాపుకు అక్షరాలు కూడా ఆమే నేర్పింది. అందరూ ఆమెను బైబిలమ్మ అనేవారు. కొన్నేళ్లకు ఆమె చేతుల మీద మచ్చలు వచ్చాయి. స్పర్శ పోయింది. ఒకరోజు ఆమే డిచ్‌పల్లి మిషన్ దవాఖానకు పోయి చేరింది. పోతున్నప్పుడు సాగనంపడానికి ఎవరూ బయటికి రాలేదు. తర్వాత చూడటానికి ఎవరూ పోలేదు.

“నువ్వు పోలేదా అవ్వా?”

“నేను గూడ పోలే” అంది అవ్వ, రొట్టె తిప్పుతూ. “బయం ఉండె.”

“బతికే ఉందా?”

“సచ్చిపోయిందంటే ఒక్క ఐతారమన్న గా పాట ఆపుతుంటిమి. ఎవ్వలూ చెప్పలే.”

రెండు రోజుల తర్వాత బాపు పొద్దుటి డ్యూటీ దిగి, నూనె మరకల చొక్కాతోనే బస్సెక్కి మా కాలేజీకి వచ్చాడు. అప్పుడు సారు నాకు శ్రుతుల గురించి పాఠం చెబుతున్నారు. బాపు తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న రెండో నంబరు బెంచీ దగ్గర నిలబడ్డాడు.

“సారూ, మేము గల్తీ పాడుతున్నమన్నరంట.”

“శాస్త్రరీత్యా” అన్నారు సారు.

“గా గల్తీ మాకు నేర్పినామె డిచ్‌పల్లి దవాఖానల ఉన్నది. బతికే ఉన్నది, తెలుసుకొని వచ్చిన. శనివారం పోతున్నం. మీరే వచ్చి ఆమె మొకం మీద చెప్పుండ్రి.”

డిచ్‌పల్లి దవాఖాన ఏ రోగానికి పేరుపడిందో సారుకు తెలుసు. ఆ జిల్లాలో తెలియని వాళ్లు లేరు. ఆయన చాలాసేపు గొడుగు పిడి తుడిచారు. విచారణ విద్యార్థే చేయాలని సిలబస్సులో ఉందనీ, ఉపాధ్యాయుడి శరీరం అక్కడ ఉండనక్కర్లేదనీ అన్నారు. బాపు కదలలేదు. ఆయనకు సిలబస్సు తెలియదు.

శనివారం మధ్యాహ్నం ముగ్గురం నిజామాబాదులో బస్సెక్కాం. సారు కిటికీ పక్కన, బాపు ఆయన పక్కన, నేను ఆడవాళ్ల సీటులో. డిచ్‌పల్లి దాకా వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. దిగేముందు సారు మాత్రం “అంటుతుందా?” అని నెమ్మదిగా అడిగారట. “నాకేం తెల్సు సారూ, నేను గూడ మొదటిసారే వస్తున్న” అన్నాడట బాపు. ఇద్దరూ కలిసి దిగారు.

గేటు దగ్గర ఒక నర్సమ్మ మా సందేహం అడక్కుండానే తీర్చింది. మందులు వచ్చాక చాలామందికి రోగం పూర్తిగా పోయిందనీ, వాళ్ల పక్కన కూర్చుంటే ఏమీ కాదనీ చెప్పి, వరండా చివర చింతపండు గింజలు తీస్తున్న ఒక ముసలామెను చూపించింది. రోగం పోయింది గానీ వేళ్లు తిరిగి రాలేదు. రెండు అరచేతుల మధ్య చింతపండు పట్టుకుని, పీటకు బిగించిన ఇనుప చువ్వకు నొక్కి గింజ తీస్తోంది. చాలా వేగంగా తీస్తోంది.

బాపు ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

“అక్కా” అన్నాడు.

ఆమె కళ్లు చిట్లించి చూసింది. “ఎవలు?”

బాపు తన తండ్రి పేరు చెప్పాడు.

“ఓ, నువ్వా. ‘ళ’ పలుకకపోయేది. ఇప్పుడన్న పలుకుతున్నవా?”

“పలుకుతున్న అక్కా.”

“ఏది, అను.”

నలభై అయిదేళ్ల మా బాపు, ఫ్యాక్టరీలో కింద పదిమంది పనిచేసే ఫిట్టరు, చేతులు కట్టుకుని నిలబడి ‘ళ’ అన్నాడు. ఆమె తల ఊపి, మమ్మల్ని చాప మీద కూర్చోమంది. ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని అడగలేదు. అడుగుతుందేమోనని బాపు చాలాసేపు ఎదురుచూశాడు. ఆ సంగతి ఆయన ముఖం చూస్తే తెలిసిపోతోంది.

సారు చాప అంచున కూర్చున్నారు. తాము వచ్చిన పని వివరించారు. ఆ కీర్తనకు గ్రంథకర్త నిర్దేశించిన రాగం ముఖారి అనీ, బోధన్‌లో పాడేది ముఖారి కాదనీ, ఆ మార్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి వచ్చామనీ చెప్పారు. ఆమె శ్రద్ధగా విని నా వైపు తిరిగింది.

“ముఖారి అంటే ఎవలు బిడ్డా?”

“రాగం పేరు అత్తా. పుస్తకంలో కీర్తన పైన రాసి ఉంటది.”

“అగో! అది రాగమా?” ఆమె చేతిలో పని ఆగింది. “మిషన్ దొరసాని నాకు పుస్తకం ఇచ్చింది, సదువు నేర్పింది. పైన రాసిందేందో చెప్పలే. నేనే కూడబలుక్కొని సదివిన. మొకం కడుక్కొని పాడాలె అని రాసిన్రనుకున్న. ఊరూర్ల అట్లనే చెప్పిన.”

బాపు నా వైపు చూశాడు. నేను సారు వైపు చూశాను. సారు నోటుబుక్కు తెరిచి, వరండాలో నేను చెప్పినప్పుడు రాసుకున్న వాక్యం వెతికి, దాని పక్కన ఒక టిక్కు పెట్టారు.

“మరి ఈ వరస ఎక్కడిది అత్తా?” అన్నాను.

“రాగం తెల్వదు గద. పాట చెప్పమంటే ఏదో ఒక రాగంల చెప్పాలె. నాకొచ్చింది గదొక్కటే. మా నాయినకు ఎడపల్లిల చెరుకు గానుగ ఉండె. ఎద్దులు తిరుగుతుంటే నేను ఎనుక నడుసుకుంట పాడుతుంటి. పాట ఆగితే ఎద్దులు ఆగుతుండె. గా రాగంలనే ఇది గూడ పెట్టిన. మాటలు మంచిగ పట్టినయి.”

అంటే శ్రమల దినాల్లో మా చర్చి అంతా ముఖాలు కడుక్కుని, కళ్లు మూసుకుని, ముప్పై ఏళ్లకు పైగా పాడుతున్నది గానుగెద్దులను తిప్పే పాట. ఆ గానుగలన్నీ మా బాపు పనిచేసే ఫ్యాక్టరీ వచ్చాక మూతపడ్డాయి.

సారు ఆమెను పాడమని అడిగారు. ఆ గాంధారం తాను స్వయంగా వినాలన్నారు.

“ముందు నువ్వు పాడు సారూ. గా ముఖారి ఎట్లుంటదో ఇందాం.”

“నేను పాడనమ్మా. నేను శాస్త్రం చెబుతాను.”

“నేను తప్పు పాడిన అంటున్నవ్. ఒప్పు ఎట్లుంటదో చెప్పకపోతే ఎట్ల?”

దానికి శాస్త్రంలో సమాధానం లేదు. వరండాలో అప్పటికి దవాఖానలో ఉండేవాళ్లు పదిమందిదాకా చేరారు. సారు గొడుగు పక్కన పెట్టారు. కోటు గుండీలు విప్పారు. రెండున్నరేళ్లలో మొదటిసారి ఆయన నోటి నుంచి పాట విన్నాను. గొంతు సన్నగా మొదలై, మధ్యలో శ్రుతి జారింది. మళ్లీ పట్టుకున్నారు, మళ్లీ జారింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ ఆపలేదు. ఆరోహణలో గాంధారం జోలికి ఒక్కసారి కూడా పోలేదు. నేను గమనించాను.

పాట అయ్యాక బైబిలమ్మ అంది, “మంచిగనే ఉన్నది సారూ. ఏడుపొస్తుంది. కాని దీనికి ఎద్దులు నడువయ్.”

అప్పుడు ఆమె పాడింది. గొంతు ఎండిపోయి ఉంది, కానీ లయ పక్కకు పోలేదు. పాడుతూ అరచేయి మోకాలి మీద కొడుతోంది. మా చర్చిలో పాడేదానికి రెండింతల వేగం. మొదట గానుగ పాట రెండు చరణాలు, ఆపకుండా దాని మీదుగానే కీర్తన. ప్రతి చరణం చివర మేము గౌరవంగా సాగదీసే దీర్ఘం ఎక్కడిదో అప్పుడు తెలిసింది. చెరుకుగడలు మార్చేటప్పుడు ఎద్దులు ఆగడానికి ఇచ్చే పిలుపు అది. రెండో చరణంలో బాపు అందుకున్నాడు. ఆయనకు తెలియకుండానే అందుకున్నట్టున్నాడు, ఎందుకంటే కళ్లు కింద చాప మీదే ఉన్నాయి. మూడో చరణానికి వరండాలో ఉన్నవాళ్లంతా కలిశారు. ఆమె వాళ్లందరికీ ఎప్పుడో నేర్పిందట.

నేను స్వరాలు రాసుకున్నాను. గాంధారం దగ్గర కలం ఆగింది. సారును చూశాను. ఆయన మూడుసార్లు పాడించుకుని విన్నారు.

“ఏం రాయమంటారు సార్?”

“‘గ’ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి” అన్నారు. ఆయన అంతకుముందు ఏ ప్రశ్నకూ అలాంటి జవాబు చెప్పలేదు.

చాయ్ వచ్చింది. ముందు బాపు తీసుకున్నాడు. సారు గ్లాసును కొంతసేపు చూసి, తాగి, ఇంకొంచెం ఉందా అని అడిగారు.

నా వ్యాసం ఇరవై రెండు పేజీలు వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షకుడు దాన్ని నా ఎదురుగానే చదివారు. ప్రశ్నార్థకం మీద వేలు పెట్టారు.

“ఇదేమిటి?”

“గాంధారం సార్.”

“ఏ గాంధారం?”

“తెలియదు సార్.”

“తెలియకపోతే ఎందుకు రాశావు?”

“వాళ్లు పాడారు సార్.”

ఆయన మా సారు వైపు తిరిగారు. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి తెలుగులోకి వచ్చారు, గొంతులు పెరిగాయి. నన్ను బయట కూర్చోమన్నారు. నేను వరండాలో ముప్పావుగంట కూర్చున్నాను. లోపలి నుంచి ఒకసారి మా సారు పాడుతున్నట్టు వినిపించింది. ఎద్దుల పాటే. శ్రుతి జారింది గానీ గాంధారం దాదాపు సరిగ్గానే వచ్చింది. సెకండ్ క్లాసు మార్కులు వేశారు. వ్యాసం చివర పరీక్షకుడు ఎర్ర సిరాతో “పశువులకు సంబంధించిన భాగం తగ్గించవచ్చు” అని రాశారు.

అసలు పరీక్ష చర్చిలో జరిగింది. ఒక ఆదివారం ఆరాధన అయిపోగానే బాపు లేచి నిలబడి, ఆ కీర్తన వరస ఎక్కడినుంచి వచ్చిందో, ముఖాలు ఎందుకు కడుక్కుంటున్నామో ఉన్నదున్నట్టు చెప్పాడు. వెనక నుంచి ఒక పెద్దాయన, “ఎడ్ల రాగమైతే ఏమాయె, ప్రభువు పుట్టింది పసులపాకల్నే గద” అన్నాడు. ఆ సంగతి అంతటితో తేలిపోయింది. ముఖం కడుక్కోవడం మానాలా అని ఎవరో అడిగారు. కడుక్కుంటే నష్టం లేదని పాస్టరు అన్నారు.

“వచ్చే ఐతారం అక్కను తీస్కొస్తున్న” అన్నాడు బాపు.

బాపు అనుమతి అడగలేదు. చెప్పి కూర్చున్నాడు.

ఆమె వచ్చింది. తెల్ల చీర కట్టుకుని, చేతులు కొంగు కింద పెట్టుకోకుండా, ఎదురుగా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. ఆడవాళ్లు ఆమెకు చోటిచ్చారు. ఇంకో ఎనిమిది మంది కూర్చునేంత చోటిచ్చారు. ఆమె ఆ ఖాళీని చూసి, సంచి ఒక పక్కన, చెప్పులు ఒక పక్కన పెట్టుకుంది. ఆమె కోసమని శ్రమల దినాలు కాకపోయినా ఆ కీర్తనే ఎత్తుకున్నారు. గౌరవం కొద్దీ ఇంకా నెమ్మదిగా పాడారు. మొదటి చరణం సగంలో ఆమె చెయ్యెత్తింది.

“ఆపుండ్రి. ఏందిది? ఎద్దులు పండుకుంటయి.”

పాట ఆగింది. ఆమె అరచేయి మోకాలి మీద కొడుతూ మళ్లీ ఎత్తుకుంది. ముందు డోలక్ అందుకుంది, తర్వాత బాపు, తర్వాత తక్కినవాళ్లు. ఆ కీర్తన అంత త్వరగా అయిపోవడం మా చర్చిలో అదే మొదటిసారి. పాట అయ్యేసరికి ఆడవాళ్ల వైపు ఖాళీ కొంచెం తగ్గింది. ఎవరు జరిగారో నేను చూడలేదు. మా అవ్వ మాత్రం ఆమె సంచికి ఇవతల కూర్చుని ఉంది.

మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. అవ్వ పొద్దున్నుంచీ వండింది. వడ్డించే వేళకు మా అందరికీ కంచాలు పెట్టి, ఆమెకు విస్తరాకు వేసింది. వేసి దాని వైపు చూసింది. బాపు కూడా చూశాడు. అవ్వ వంగి మా కంచాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎత్తి లోపల పెట్టి, అందరికీ విస్తరాకులు తెచ్చి వేసింది.

“పెండ్లి లెక్క ఉన్నది” అంది బైబిలమ్మ. “మంచిదే. తోముడు పని ఉండది.”

కడుపునిండా తిని, అవ్వ పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి, సాయంత్రం బస్సుకు డిచ్‌పల్లి వెళ్లిపోయింది. ఉండమన్నా ఉండలేదు. అక్కడ సోమవారం పొద్దున్నే పాటల ప్రాక్టీసు ఉందంది.

మరుసటి ఏడు సంగీత శాస్త్రంలో ఒక్కరూ చేరలేదు. సబ్జెక్టు ఎత్తేశారు. సారును మళ్లీ కోస్తాకు బదిలీ చేశారు. వెళ్లేముందు ఆయన ఒంటరిగా డిచ్‌పల్లి పోయి వచ్చారని నాకు తర్వాత తెలిసింది. నాకు నవీపేట్ బడిలో సోషల్ టీచరు ఉద్యోగం వచ్చింది. డిగ్రీలో సంగీతం ఉందని చూసి హెడ్‌మాస్టరు ప్రార్థన గీతం బాధ్యత నాకు అప్పగించారు. అది సంగీతం కాదనీ, శాస్త్రమనీ చెప్పినా ఆయన వినలేదు.

బైబిలమ్మ ఆ తర్వాత నాలుగేళ్లు, నెలకో ఆదివారం బోధన్ వచ్చేది. రెండోసారి వచ్చినప్పుడు కూడా అవ్వ అందరికీ విస్తరాకులే వేసింది. మూడోసారి వచ్చేసరికి ఆకులు అయిపోయాయి. అవ్వ దుకాణానికి పోలేదు. లోపలి నుంచి కంచాలు తెచ్చి, తుడిచి, వరసగా పెట్టింది.